తెగిన చువ్వ

"లోర్కన్! ఈ చువ్వ ఎవరు కోశారు?"

పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తూనే ఉంది, నోరీన్‌కి వినిపించడం లేదు. ఆమె చేతుల్లో కొడుకు ఫీక్రా హెల్మెట్ ఉంది. ముఖానికి అడ్డంగా ఉండాల్సిన ఇనుప చువ్వల్లో సరిగ్గా కళ్ళ ముందరిది లేదు! కర్రలతో బంతిని కొట్టే ఈ హర్లింగ్ ఆటలో, ఆ సందులోంచి బంతి దూరదా? కర్ర కొస దూరదా? మధ్యాహ్నమే థర్లెస్ ఊళ్ళో స్కూళ్ళ పోటీ ఫైనల్... వాడేమో గోల్‌కీపర్...

లోర్కన్ తల పూర్తిగా తిప్పి భార్య వైపు చూశాడు. అలా తిప్పితేగాని కనబడదు అతనికి. హెల్మెట్లు లేని రోజుల్లో, ఇదే పోటీలో ఎడమ కన్ను పోగొట్టుకున్న మనిషి!

"నేనే కోశాను. వాడికి బంతి కనబడటం లేదే! సెమీఫైనల్లో ఎదురుగా వచ్చినదాన్ని వదిలేశాడు. పిల్లలందరూ కోయించుకుంటున్నారు, నేనొక్కణ్ణే ఘోరం చేసినట్టు చూడకు."

"నీ కన్ను తిన్నది చాలదా ఈ ఆటకి? వాడి కన్ను కూడా ఇస్తావా? నువ్వసలు తండ్రివేనా?"

"నా కన్ను పోయిందని నేనెప్పుడైనా ఏడ్చానా?"

"నువ్వు ఏడవలేదు... ఆ ఏడుపంతా నేనే ఏడ్చాను!"

"చువ్వ వల్ల కాదు నాన్నా!" మెట్ల మీద నుంచి ఫీక్రా అరిచాడు. "బంతి వస్తుంటే నేనే కళ్ళు మూసుకుంటున్నాను. ప్రతి మ్యాచ్‌కీ అమ్మ నన్ను ఇదే ఆఖరిచూపన్నట్టు చూస్తుంది. కారు దిగకుండా కళ్ళు మూసుకుని జపమాల తిప్పుకుంటుంది. గోల్‌లో నిలబడితే నాకు అదే గుర్తొస్తుంది. చూడ్డానికే నీకంత భయమైతే, నాకెంత ఉండాలమ్మా?"

ఈ సీజనంతా వానలో, గాలిలో బిడ్డ ఆడుతుంటే ఒక్క బంతి కూడా నోరీన్ చూడలేదు! దేవుడికి చెప్పుకున్నాననుకుంది గాని, ఆ భయమంతా కన్నకొడుక్కే పంచిపెట్టింది... గబగబా అలమర తెరిచి, ఎందుకైనా మంచిదని కొని దాచిన రెండో హెల్మెట్ తీసుకొచ్చింది.

"దీనికి చువ్వలన్నీ ఉన్నాయి, పెట్టుకో. ఇవాళ నీ గోల్ వెనకాలే నిలబడతాను నాన్నా. నేను కళ్ళు మూసుకోను... నువ్వూ మూసుకోకు!"

ఫైనల్లో చివరి నిమిషం. ఫీక్రా జట్టు ఒక్క పాయింటు ముందుంది. అవతలి జట్టులోని పొడుగాటివాడు బంతితో దూసుకొస్తున్నాడు. నోరీన్ భర్తకి ఎడమపక్కన నిలబడి అతని చేతిని పిండేస్తోంది.

"ఎటు నుంచే? ఆ పక్క నాకు కనబడి చావదు, చెప్పు!"

"నా పక్కనుంచే... కర్ర ఎత్తాడు... అమ్మో, కొట్టాడు లోర్కన్!"

ఠంగుమంది! బంతి సూటిగా ఫీక్రా ముఖానికి తగిలి కాళ్ళ దగ్గర పడింది. వాడు తూలి ఇటు తిరిగాడు, నిలదొక్కుకున్నాడు, బంతిని ఒక్క దెబ్బతో అవతలికి పంపేశాడు. విజిల్ మోగింది.

"ఆ చప్పుడేమిటే? ఎక్కడ తగిలింది?"

"కళ్ళ ముందు చువ్వకి... అది వంగిపోయింది..."

ఇన్నేళ్ళలో ఎన్నడూ ఏడవని లోర్కన్ ఆమె భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

"నన్ను క్షమించవే నోరీన్... నేనింకేమీ చూడలేను..."

"నువ్వు చూడకపోయినా ఫరవాలేదులే," అంది నోరీన్. ఫీక్రా హెల్మెట్ తీసి, నవ్వుతూ ఆమె వైపే పరుగెత్తుకొస్తున్నాడు. "నేను చూస్తున్నాను."