పంఖా బంగ్లా

రావిర్యాల తొవ్వల చెరువు కట్ట దిగినంక ఒక పాత బంగ్లా ఉండె. పంఖా బంగ్లా అనేటోళ్లు. పొద్దు గూకినంక ఇబ్రహీంపట్నంల ఎవ్వరూ ఆ దిక్కు పోకపోదురు. నేనైతే పగటిపూట కూడ పోలేదు. ధైర్యం సంగతిల నాకు రాత్రీ పగలూ ఒక్కటే.

నిజాం జమానల కట్టిందట. మన మీద నిజాం, నిజాం మీద తెల్లదొరలు. రెసిడెన్సీ నుంచి ఒక దొర చెరువు మీద బాతుల వేటకొచ్చి అండ్ల దిగెటోడు. దొర వస్తుండంటే ఊరంత వెట్టి చెయ్యాలె — కోళ్లు, గుడ్లు, గుర్రానికి గడ్డి... అన్నిటికన్న ముందు, పంఖా గుంజెటోడు.

దూలానికి వేలాడే పెద్ద గుడ్డ పంఖా. దాని తాడు గోడ బొక్కల నుంచి బయటి అరుగు మీదికి వస్తది. దొర లోపల పండుకుంటడు. ఎల్లయ్య అనేటాయన అరుగు మీద కూసొని తెల్లారేదాక గుంజాలె.

ఒక ఎండకాలం రాత్రి ఎల్లయ్యకు కునుకు పట్టింది. పంఖా ఆగింది. దొర చెమటతోటి లేచిండు... బూటు కాలుతోటి బయటికొచ్చిండు.

పొద్దుగాల చూస్తే ఎల్లయ్య లేడు, పీనుగ ఉన్నది. తెల్లదొర మీద మన కచేరీల కేసు నడవదు. అయినా అడిగినట్టు చేసిండ్రు. నిద్రలనే పానం పోయిందని ఊరి పటేలు సాక్ష్యం చెప్పిండు. ఆ సాయంత్రమే దొరకు ఇంకో మనిషిని గూడ పంపిండు.

అప్పటిసంది రాత్రయితే లోపలికెల్లి ఒక పిలుపు వినొస్తదంటరు —

"కోయ్ హై?"

నౌకర్లను దొర పిలిచే పిలుపు, ఎవరన్న ఉన్నరా అని. పలికితె అంతే సంగతి.

ఆ పటేలు మునిమనుమడే మా జైపాలన్న. ఇప్పుడు కాంట్రాక్టరు. బంగ్లా కూలగొట్టి ఆ జాగల సర్కారు ఆఫీసు కట్టే పని ఆయనకు దొరికింది. బేస్తవారం శంకుస్థాపన. అప్పటికి జాగ చదును కాకపోతే పని తుక్కుగూడల ఉండే ఇంకో కాంట్రాక్టరుకు పోతది. జేసీబీ డ్రైవరేమో బంగ్లాను చూసి, బండి తిప్పుకొని పోయిండు. మిగిలింది కూలోళ్లే. వాళ్ల మేస్త్రి నిర్మల ఒక్కటే మాట అన్నదట.

"ఆ అరుగు మీద ఒక రాత్రి పండుకొని రా పటేలా. పొద్దుగాల మేం గడ్డపారలు తెస్తం."

జైపాలన్న నన్ను తోడు రమ్మన్నడు. నాకు నడుము నొప్పి ఉండె. ఆయన అడిగినంకనే వచ్చింది.

ఇగ ఇక్కడికెల్లి జైపాలన్న చెప్పిందే.

అరుగు మీద దుప్పటి పరుచుకొని పండుకున్నడు. కప్పు సగం కూలింది. లోపల పంఖా లేదు, కుర్చీ లేదు... పగటిపూటనే చూసి పెట్టుకున్నడు. దోమలు తప్ప ఏ బాధా లేదనుకుంట కండ్లు మూసిండు.

అప్పుడు... లోపలికెల్లి...

"కోయ్ హై?"

రాత్రి ఎవరన్న పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాక పలకొద్దని ఆయనకు ఎరికే. చిన్నప్పటిసంది విన్నదే. కని ఇది పేరు కాదాయె. ఇగ జైపాలన్న బతుకంత ఆఫీసు తలుపుల బయట నిలబడే బతుకు. లోపలికెల్లి ఏ గొంతు ఏ భాషల వినిపించినా, మనిషి ఆలోచించకముందే నోరు పలుకుతది.

"ఆ సార్... ఇక్కడనే ఉన్న సార్."

దిగ్గున లేచి కూసున్నడు. ఒళ్లో ఏదో పడ్డది. తడిమి చూసిండు —

తాడు.

వదులుదామంటే చెయ్యి రాలె. గుంజిండు. లోపల ఎక్కడనో కిర్ర్...మన్నది. మళ్ల గుంజిండు. మళ్ల కిర్ర్... లేని పంఖా ఊగుతున్నది. భుజాలు పడిపోతున్నయి. జర ఆగితే చాలు, లోపల మనిషి మెసిలిన సప్పుడు.

బూట్లు గుర్తుకొచ్చినయి. ఆపలె.

శానసేపటికి, గుంజుకుంటనే, మెల్లగ గోడ బొక్కకు కన్ను ఆనిచ్చిండు.

పడక కుర్చీ. దాని చేతుల మీద చాపిన కాళ్లు...

బూట్లు లేవు. పగిలిన మడిమలు. మోకాళ్ల మీదికి గోచి. తలకు చింకి రుమాలు.

గురక ఆగింది. కండ్లు తెరవకుండనే ఆ మనిషి అన్నడు —

"జర గట్టిగ గుంజు, పటేలా."

తెల్లారినంక నిర్మల తన జట్టుతోటి వచ్చింది. మస్తు నిద్ర పట్టిందని జైపాలన్న చెప్పిండు. ఆమె ఆయన చెయ్యి పట్టి గుప్పిలి విప్పింది. అరచేయంత తాడు కోసిన గాట్లు, పగిలిన బొబ్బలు.

"నువ్వు పండుకోలె," అన్నది మెల్లగ. "మా ముత్తాత పండుకున్నడా?"

జైపాలన్న తల ఊపిండు.

నిర్మల కొంగుతోటి కండ్లొత్తుకొని జట్టు దిక్కు తిరిగింది. "పట్టుండ్రి గడ్డపారలు. సప్పుడు చెయ్యకుండ కూలగొట్టాలె."

బేస్తవారం దాక జాగ చదునయింది. శంకుస్థాపన అయింది.

ఇదంత జైపాలన్న నాకు చెప్పింది బస్టాండు ముంగట చాయ్ హోటల్ల. హోటలాయన పాలకు పోయిండు. ఉన్నది మేమిద్దరమే. కుర్చీల ఒరిగి, కాళ్లు ఇంకో కుర్చీ మీద చాపుకొని విన్న. వేరేటోళ్ల కష్టం వినేటప్పుడు నేను గట్లనే కూసుంట.

కరెంటు పోయింది. నెత్తి మీద ఫ్యాను ఆగింది.

చీకట్ల జైపాలన్న కుడిచెయ్యి మెల్లగ లేచింది. ఏమీ లేని గాలిని పట్టుకున్నది. కిందికి గుంజింది... మళ్ల లేచింది... మళ్ల...

నా మెడకు చల్లగ గాలి తగిలింది.

ఉరకాల్సింది. నాసొంటోడు గడప దాటి ఎప్పుడో ఉరకాల్సింది. కని గాలి మంచిగున్నది. కండ్లు మూతలు పడ్డయి.

ఆయన చెయ్యి ఆగింది. మెడ మీద చెమట...

"జర గట్టిగ గుంజు, పటేలా."

జైపాలన్న నా దిక్కు చూసిండు. ఆయన నోరు మూసే ఉన్నది.

ఆ గొంతు నాదే.