పితృస్థానంలో కుడి చెంప

తట్టకముందే తలుపు తెరుచుకుంది. గుమ్మానికి అమర్చిన ముఖపఠని యజ్ఞన్న శాస్త్రిగారి ముఖాన్ని చదివి, ఇంటి యజమాని కోసమే దాచిన స్వరంతో స్వాగతం పలికింది. ఆ యజమాని నరహరిగారు పోయి నేటికి ఏడాది. ఆయన ఆబ్దికానికి భోక్తగా, పితృస్థానంలో కూర్చోవడానికి శాస్త్రిగారు వచ్చారు. ఇదివరకెన్నడూ ఆ గడప తొక్కి ఎరుగరు.

"దానికి మతిపోయినట్టుందండీ. దయచెయ్యండి," అన్నాడు నరహరిగారి కొడుకు కామేశం, నీళ్ళచెంబుతో ఎదురొచ్చి.

ఆరు నెలల క్రితం ఒక ఉదయాన శాస్త్రిగారి ముఖం కుడిసగం చచ్చుబడింది. కన్ను మూతపడదు, పెదవి పెదవితో కలవదు. మంత్రం పలకలేని నోటిని పితృకార్యానికి ఎవరు పిలుస్తారు? చెవి వెనుక ఎముక గొట్టంలో ముఖనాడి వాచి నలిగిపోతోందని వైద్యురాలు చెప్పి, ఎముకను తొలిచి, నాడికి చోటు కల్పించింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. చెర వీడిన నాడి తన కదలికలను మరచిపోయింది. అందుకని దాని పొడవునా ఉల్లిపొరవంటి నాడీస్మారకాన్ని పరిచింది. మరణించినవారి ముఖకదలికలు ముఖనిధిలో భద్రంగా ఉంటాయి. అదే ఊరి యాసలో మాట్లాడినవారివే వెదికి ఆ పొరలో నింపుతారు. ఎవరివో చెప్పరు. శాస్త్రిగారూ అడగలేదు. నోరు తిరిగివచ్చింది, ఈశ్వరానుగ్రహం అనుకున్నారు.

విస్తరి వేశారు. భోక్త భోజనం ముగిసేదాకా మాట్లాడకూడదు. వంట బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు.

"గారెలు దాచుకోకురా కామేశం," అన్నాడు కర్మ జరిపిస్తున్న బుచ్చన్న. "ఆయన మౌనంలో ఉన్నారు గనక అడగరు. నోరున్నవాణ్ణి గనక నేను అడుగుతున్నాను."

కామేశం నవ్వుతూ వంగి, నెయ్యి వడ్డించబోయి ఆగిపోయాడు. శాస్త్రిగారి కుడి కనుబొమ మెల్లగా పైకి లేచింది. కుడివైపు పెదవి కొస కిందికి దిగింది. తాము కదల్చలేదని శాస్త్రిగారికి తెలుసు.

"బుచ్చన్న బాబాయ్, చూశావా? నేను అబద్ధమాడితే నాన్న ఇలాగే చూసేవాడు."

"కర్మ మధ్యలో ఏమిట్రా ఆ మాటలు! వడ్డించు."

కామేశం వడ్డించలేదు. విస్తరి ముందు కూలబడ్డాడు.

"ఆయన వద్దన్నాడు, బాబాయ్. నా మొహం నాతోనే కాలిపోవాలిరా అని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. పోయాక ముఖనిధివాళ్ళు వచ్చారు. ఎవరికో పనికొస్తుంది కదా అని ఇచ్చేశాను. ఆయనే ఒప్పుకున్నాడని చెప్పాను."

శాస్త్రిగారు చేతిలోని ముద్దను విస్తట్లోకి దించారు. నోరు తిరిగివచ్చిన నాటినుంచి తాము పలికిన ప్రతి మంత్రమూ, ఒప్పుకోని మనిషి పెదవితో పలికినదేనా? నోరు విప్పి అడుగుదామంటే నియమం అడ్డు. మౌనంగానే భోజనం ముగించారు.

బుచ్చన్న కర్తను లేవదీశాడు. కామేశం చేతులు జోడించి, పితృదేవతలను అడగవలసిన ప్రశ్న అడిగాడు.

"తృప్తులైతిరా?"

సమాధానం ఒక్కటే. శాస్త్రిగారు కొన్ని వందల ఇళ్ళలో చెప్పిన మాట అది. కుడిచెయ్యి ఎంగిలి. ఎడమ అరచేతితో కుడి చెంపను గట్టిగా మూసుకున్నారు.

"తృప్తులమైతిమి," అన్నారు.

బుచ్చన్న నిట్టూర్చాడు. "అయింది. అక్షతలు పట్టరా."

కామేశం కదలలేదు.

"ఆ మాట మీరన్నారు, శాస్త్రిగారూ. చెయ్యి తియ్యండి. ఆయన్ను చెప్పనివ్వండి."

శాస్త్రిగారు చెయ్యి తీయలేదు. కళ్ళు మూసుకున్నారు, ఎడమకన్నే మూతపడింది. అరచేతి కింద చెంప కదులుతూనే ఉంది.