ఐదు వోల్టులు దాటకూడదు

బాబాయిని లిఫ్టులో కాల్చేశారు. లిఫ్టు ఏమీ ఎరగనట్టు కిందికి దిగి, తలుపులు తెరిచి, ఎక్కేవాళ్ళ కోసం మర్యాదగా ఎదురుచూసింది.

బాబాయి అంటే ఎవరికీ బాబాయి కాదు. ఆ డిపార్ట్‌మెంటులో చుట్టరికాలే కోడ్ పేర్లు. ఎవరైనా దొంగచాటుగా ఫోన్లు విన్నా, ఇవేవో ఇంటి గొడవల్లే అనుకుని విసుగెత్తి పెట్టేస్తారని పైనున్న ఒక పెద్ద తలకాయకి తట్టిన ఆలోచన అది. ఆలోచన బాగానే పారింది. కాకపోతే ఆ విసుగు డిపార్ట్‌మెంటు వాళ్ళకి కూడా పట్టుకుంది. బాబాయి అంటే గాడ్జెట్లు తయారుచేసే మనిషి. మామగారంటే చీఫ్. తోడల్లుడంటే ఓడరేవు ఒడ్డున, ఒక పాత షిప్పింగ్ ఆఫీసు మూడో అంతస్తులో, తూకాల ఇన్‌స్పెక్టరు వేషంలో, పెట్టుడు మీసంతో బాబాయి కోసం ఎదురుచూస్తున్న ఏజెంటు.

బాబాయికి బదులు మరదలు వచ్చింది.

మరదలంటే డిపార్ట్‌మెంటులోనే ఇంకో ఏజెంటు. ఆవిడది నర్సు వేషం. ఏ వేషం వేసినా ఆ వేషానికే అందం తెచ్చే మనిషి. చేతిలో బాబాయి పనిముట్ల సంచీ, ఫోన్లని మూగబోయేలా చేసే జామర్ ఉన్న చిన్న రేకు పెట్టె. కళ్ళనిండా నీళ్ళు.

"బాబాయిని చంపేశారు. ఇవి మాత్రం తేగలిగాను," అంది.

తోడల్లుడు ఫోన్ తీసి చీఫ్‌కి కలిపాడు.

"బాబాయి లేడు మామగారూ. జామర్ మాత్రం చేరింది."

 మామగారు ఎప్పటి గొంతుతోనే చెప్పాడు. ఆయన మనసు చివుక్కుమంటే గొంతు మరింత మామూలుగా మారుతుంది.

"ఏడవడానికి టైం లేదు అల్లుడుగారూ. పెద్దావిడ గడప దాటింది."

పెద్దావిడంటే లాంచీ. అవతలి ఒడ్డునుంచి జనాన్ని ఎక్కించుకుని బయల్దేరిందన్నమాట. దాని ఇంజను గదిలో విదేశీ ముఠా పెట్టిన బాంబు ఉంది. బాంబుకి ఒక ఫోన్ తగిలించి ఉంది. రేవు మొగలో, అంటే ఓడలు లోపలికొచ్చే సన్నటి దారిలో, తేలే ఎర్ర పీపా దగ్గరికి లాంచీ రాగానే, తెల్లబూట్లని అందరూ పిలిచే ముఠా నాయకుడు ఆ ఫోన్‌కి రింగ్ ఇస్తాడు. లాంచీ అక్కడే మునిగి రేవు నోరు మూసుకుపోతుంది. సరుకు ఓడలన్నీ లోపలే బందీ. లోపల ఏ ఓడలో ఏముందో ముఠాకి తెలుసు, చీఫ్‌కి తెలుసు, తోడల్లుడికి అనవసరం.

"లాంచీ డ్రైవరుకి చెబితే?"

"పడవ దారి మారిందంటే వాడు అక్కడే నొక్కేస్తాడు. తెల్లబూట్లు ఒడ్డునే ఉన్నాడు. ఫొటోగ్రాఫరు వేషం. మనవాళ్ళు దారిలో ఉన్నారు గానీ, అందుకోలేరు. జామర్ ఆన్ చెయ్యండి. ఆ మొగలో ఏ ఫోనూ మోగకూడదు. అంతే."

తోడల్లుడు వెనక్కి తిరిగేసరికి మరదలు కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి బయటికి పెట్టి ఉంది. కింద నీళ్ళలో బుడుంగుమని చప్పుడు. జామర్‌కి బాబాయి ప్రత్యేకంగా కట్టిన సెల్స్ ప్యాక్, ఇక లేదు.

ఆమె కళ్ళలో నీళ్ళు కూడా ఎప్పుడో ఆరిపోయాయి.

మరుక్షణంలో ఆమె చెయ్యి బేడీతో కిటికీ ఊచకి బిగిసి ఉంది. పెనుగులాటలో తోడల్లుడి మీసం ఒక పక్క ఊడి వేలాడింది.

"ఎవరి మనిషివి నువ్వు?"

"వారాన్ని బట్టి ఉంటుంది బావగారూ," అంది మరదలు, జుట్టు సర్దుకుంటూ. "ఊరికే ఆయాసపడకండి. నన్ను తీసుకెళ్ళడానికి మావాళ్ళు వస్తారు. ఇక్కడే కూర్చోమన్నారు."

అన్నట్టే మెట్ల మీద అడుగులు. తోడల్లుడు పిస్తోలు తీశాడు. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. ఇనప తలుపుకి బయట గడియ పడింది. తాళం తిరిగింది. తర్వాత అవే అడుగులు పరుగులాంటి నడకతో కిందికి దిగిపోయాయి. ఆ వెంటనే కరెంటు పోయింది. గోడమీది ఎమర్జెన్సీ ల్యాంపు దానంతటదే వెలిగింది.

మరదలు తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఈ బిల్డింగు మొగ అంచున ఉంది," అన్నాడు తోడల్లుడు. "లాంచీ ఈ కిటికీ కిందనుంచే పోవాలి. అది పేలితే ఈ గోడ ఆగుతుందా? నిన్ను ఎక్కడ కూర్చోమన్నారో ఒకసారి ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. మొహంలో రంగు దానంతటదే దిగిపోయింది.

అప్పుడే అతని ఫోన్ చిన్నగా మోగింది. ఇంటావిడ నుంచి మెసేజ్. 'లాంచీ ఎక్కాను. బస్సులో వద్దామనుకున్నా, ఎండగా ఉందని మానేశా. కిటికీ సీటు దొరికింది.'

తోడల్లుడు అది రెండుసార్లు చదివాడు. మెసేజ్ మారలేదు. వెంటనే కాల్ చేశాడు. మోగుతోంది, మోగుతూనే ఉంది. ఆవిడ ఫోన్ ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగు అడుగున, గొడుగు కింద, మందుల చీటీల కింద ఉంటుంది. పెళ్ళైన దగ్గరనుంచీ ఒక్క ఫోన్ మొదటిసారి ఎత్తిన పాపాన పోలేదు. ఎత్తితే మాత్రం ఏం చెబుతాడు? నీళ్ళలో దూకమనా? ఆవిడకి ఈత రాదు.

కిటికీలోంచి చూస్తే దూరాన తెల్లగా లాంచీ, అరచేతిలో పట్టేంత. కింద ఒడ్డున జనం, పిల్లలు. వాళ్ళ మధ్య ట్రైపాడ్ పక్కన తెల్లబూట్లు, చేతిలో ఫోన్. కాల్చడానికి లేదు. గురి తప్పితే పిల్లలకి తగులుతుంది, గురి కుదిరినా వాడి బొటనవేలికి అరక్షణం చాలు.

"లాంచీలో ఎవరున్నారు?" అంది మరదలు మెల్లగా.

"మా ఆవిడ."

"మీకు పెళ్ళైందా? మీ ఫైల్లో లేదే."

"ఫైల్లో ఉన్నవన్నీ మీ ముఠాకి చేరుతున్నాయిగా. అందుకే లేదు."

అతను రేకు పెట్టె బల్లమీద పెట్టాడు. దానిమీద బాబాయి చేతిరాత: '5 వోల్టులు. దాటిస్తే చిప్ పోతుంది. నా దగ్గర ఇంకో చిప్ లేదు. దాటించినవాడి చెయ్యి విరగ్గొడతాను.' విరగ్గొట్టడానికి బాబాయి లేడన్న సంగతి అప్పుడు, ఆ అక్షరాలు చూసినప్పుడు, తోడల్లుడికి నిజంగా తెలిసొచ్చింది.

గదిలో ఐదు వోల్టులు ఎక్కడున్నాయి? ఫోన్ చార్జరుకి కరెంటు లేదు. ఫోన్‌లో బ్యాటరీ చాలదు. టేబుల్ సొరుగుల్లో రబ్బరు స్టాంపులు తప్ప ఏమీ లేవు. చూపు గోడమీది ల్యాంపు దగ్గర ఆగింది. ఊడబీకి వెనక మూత తెరిచాడు. లోపల ఇటుకలా ఒకే ముద్ద బ్యాటరీ. పైన ఆరు అని అచ్చువేసి ఉంది. మీటర్ పెడితే ఆరుంపావు దాటి, 6.4 చూపించింది.

దాదాపు వోల్టున్నర ఎక్కువ. ఇంత చిన్న తేడా. దీన్ని తగ్గించడానికి ఏడో క్లాసు కుర్రాళ్ళు సైన్సు ఫెయిర్లో ఏదో చేస్తారు.  బాబాయి సంచీ కుమ్మరించి రెసిస్టర్లు ఏరడం మొదలుపెట్టాడు.

"రెసిస్టర్ పెట్టకండి," అంది మరదలు.

"నోరు ముయ్యి."

"మూసుకుంటే ఇద్దరం చస్తాం, వినండి. ఆ పెట్టె ఆన్ చేసిన క్షణంలో కరెంటు ఏమంత తాగదు. తాగకపోతే రెసిస్టర్ దగ్గర వోల్టేజీ తగ్గదు. మొత్తం ఆరూ చిప్ మీద పడి కాలిపోతుంది. ఒకవేళ బతికిందా, జామింగ్ మొదలవగానే ఒక్కసారి గటగటా తాగుతుంది. అప్పుడు మరీ తగ్గిపోయి పెట్టె పడుకుంటుంది. ఎటూ పనికిరాదు."

"మరి?"

"డయోడ్లు. రెండు, ఒకదాని వెనక ఒకటి. డయోడు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది బావగారూ. ఒకవైపే పోనిస్తాడు. పోనిచ్చినందుకు తన వాటా పుచ్చుకుంటాడు. కొద్దిమంది వచ్చినా, గుంపు వచ్చినా ఇంచుమించు అదే వాటా. ఒక్కో డయోడు ముప్పాతిక వోల్టుకి కాస్త తక్కువ మింగుతుంది. రెండూ కలిసి వోల్టున్నర దాకా. మీకు మిగిలేది ఐదు."

"ఇవన్నీ నీకెలా తెలుసు?"

"నాకు నేర్పింది కూడా బాబాయే." ఆమె బల్లమీది సంచీ వంక చూసింది. "ఆయన్ని చంపుతారని నాకు చెప్పలేదు. పెట్టె లాక్కొస్తామన్నారు, దాంతో మిమ్మల్ని ఇక్కడే కాలక్షేపం చేయించమన్నారు, అంతే."

నమ్మాలా? ఆ గదిలోకి వచ్చాక ఆమె చెప్పిన మొదటి మాట నిజం, మొదటి కన్నీరు అబద్ధం. తోడల్లుడు సంచీ అంతా వెతికాడు. డయోడ్లు లేవు.

"ల్యాంపులోనే ఉన్నాయి," అందామె. "చార్జింగు సర్క్యూట్లో. నల్లగా, మినప్పప్పంత గొట్టాలు. ఒక కొసన తెల్లగీత. కాళ్ళు పొడుగ్గా ఉండేలా కత్తిరించండి. తెల్లగీత జామర్ వైపు ఉండాలి. తిప్పి పెడితే వాచ్‌మన్ ఎవర్నీ లోపలికి రానివ్వడు."

సాల్డరింగ్ ఐరన్‌కి కరెంటు లేదు. కట్టర్‌తో రెండు డయోడ్లు కోశాడు. కాళ్ళు కాళ్ళు మెలేశాడు.  ఒకటి బల్లమీదినుంచి దొర్లి కింద పడింది. మోకాళ్ళ మీద కూర్చుని తడుముతుంటే మీసం రెండో పక్క కూడా ఊడిపోయింది.

బ్యాటరీకి కలిపి, అవతలి కొసన మీటర్ పెట్టాడు.

5.8.

తోడల్లుడు తలెత్తి ఆమె వంక చూశాడు. ఆ చూపుకి మరదలు కిటికీ ఊచకి అతుక్కుపోయింది.

"ఐదన్నావు."

"అది కాదు..."

"ఐదన్నావు. ఇది తగిలిస్తే చిప్ మాడిపోయేది. నువ్వు కోరుకున్నదీ అదే."

"నేనూ ఇక్కడే ఉన్నాను కదా, కనబడటంలా?" మొదటిసారి ఆమె మాటలో నాజూకు పోయింది. "మీటర్ ఏం తాగుతుంది, చుక్క కూడా తాగదు. ఎవరూ రాని గేటు దగ్గర వాచ్‌మన్ కునుకు తీస్తాడు. వాటా సరిగా పుచ్చుకోడు. ఏదైనా లోడ్ పెట్టి చూడండి. ల్యాంపులో బల్బు ఉందిగా. ముందు బల్బు వెలిగించి, అప్పుడు చూడండి. ఐదుకి రాకపోతే ఆ పిస్తోలు నాకే గురిపెట్టుకోండి."

బయట లాంచీ హారన్ వినిపించింది. ఇప్పుడది అరచేతిలో పట్టేంత లేదు. దాని మేడమీద నిలబడ్డవాళ్ళ చీరల రంగులు కనిపిస్తున్నాయి. కిటికీ సీట్లు వరసగా ఉన్నాయి. ఏ కిటికీయో అతనికి తెలియదు.

బల్బు పీకి రెండు తీగలకి అదిమి పట్టాడు. వెలిగింది. దాని పక్కనే మీటర్ ముళ్ళు ఆనించాడు. అంకెలు గబగబా దిగాయి. ఐదు దగ్గర ఊగి, 4.9 మీద నిలబడ్డాయి.



"బల్బు అలాగే ఉంచండి, తీయకండి," అంది మరదలు, ఇప్పుడు గుసగుసగా. "దాని పక్కనే జామర్ కలపండి. వాచ్‌మన్ నిద్రపోకుండా ఉంటాడు."

ఎరుపు తీగ, నలుపు తీగ. కలిపి, టేపు చుట్టడానికి కూడా ఆగకుండా వేళ్ళతోనే నొక్కిపెట్టి స్విచ్ వేశాడు. ఏమీ కాలేదు. వాసన లేదు, పొగ లేదు, వెలుగూ లేదు.

"బాబాయ్," అన్నాడు తోడల్లుడు, ఎవరికో తెలియకుండానే.

పెట్టె మూలన ఆకుపచ్చ దీపం ఒకటి, బద్ధకంగా, వెలిగింది.

కింద తెల్లబూట్లు బొటనవేలు నొక్కాడు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. లాంచీ ఎర్ర పీపాకి ఆనుకున్నంత దగ్గరగా వచ్చింది. వాడు ఫోన్ మొహం ముందుకి తెచ్చుకుని చూశాడు. మళ్ళీ నొక్కాడు. నాలుగడుగులు పక్కకి వేశాడు. ఒడ్డున అందరూ అలాగే ఫోన్ల వంక చూస్తూ, ఊపుతూ, ఒకళ్ళనొకళ్ళు అడుగుతూ ఉన్నారు. లాంచీ కిటికీ కిందనుంచి, డుబుడుబుమంటూ, గోడలు అదురుతుండగా దాటిపోయింది.  బల్బు వేడికి వేళ్ళు కాలుతున్నా తోడల్లుడు వదల్లేదు.

లాంచీ రేవులో కట్టేసి, ఆఖరి మనిషి దిగి, బాంబు స్క్వాడ్ ఇంజను గదిలోకి దిగినా వదల్లేదు.

మామగారి మనుషులు ఒడ్డుకి చేరేసరికి తెల్లబూట్లు సిగ్నల్ కోసం రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి నిలబడి ఉన్నాడు. చేతులు పైకెత్తమని చెప్పే శ్రమ కూడా వాళ్ళకి మిగిల్చలేదు.

తాళం పగలగొట్టుకుని మామగారే స్వయంగా పైకి వచ్చాడు. బల్లమీది తీగల చిక్కు చూశాడు, బాబాయి చేతిరాత చూశాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఈవిడ మన మనిషేనా అల్లుడుగారూ?"

"ఇవాళ్టికి, అవును."

"జైలంటే అభ్యంతరం లేదండీ," అంది మరదలు, బేడీ విప్పుతుంటే మణికట్టు రుద్దుకుంటూ. "మావాళ్ళు వెతికేటప్పుడు గోడలు మందంగా ఉంటే మంచిదే."

బాంబు తీసేశారని మామగారు చెప్పాక తోడల్లుడు జామర్ ఆపాడు. ఆపీ ఆపకముందే ఫోన్ మోగింది. భార్య. అతను కుర్చీలో కూలబడి, గొంతు సవరించుకుని ఎత్తాడు.

"ఏంటండీ, ఎన్నిసార్లు చేసినా కలవదు? లాంచీలో అందరి ఫోన్లూ ఒకేసారి చచ్చాయి. దిగాక పోలీసులు, గోల. సరేలే, ఇంటికొచ్చాక చెబుతా. ఫోన్ లేక ఊసుపోక పక్కసీటావిడతో మాటలు కలిపాను. మీరు నీళ్ళ పంపుల కంపెనీలో పెద్ద ఇంజనీరని చెప్పా. వాళ్ళ అపార్ట్‌మెంట్లో పంపు నాలుగో అంతస్తుకి ఎక్కడం లేదట. సాయంత్రం వచ్చి చూస్తారని మాటిచ్చేశాను. వెళ్తారుగా?"

తోడల్లుడు ఊడిన మీసాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు.

"వెళ్తాను," అన్నాడు. "ఎక్కడికైనా వెళ్తాను."

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, ఆ ఉద్యోగం ఇంట్లో చెప్పుకోవడానికి డిపార్ట్‌మెంటు అచ్చువేయించిన విజిటింగ్ కార్డులో తప్ప ఇంకెక్కడా లేదని. అప్పటికే మామగారి వెంట వచ్చిన ఇద్దరు గార్డులు మరదల్ని మెట్ల దాకా తీసుకెళ్ళిపోయారు.

"ఒక్క నిమిషం ఆపండి," అని తోడల్లుడు వాళ్ళ వెనక పరుగెత్తాడు. "నీకు నీళ్ళ పంపుల గురించి కూడా ఏమైనా తెలుసా?"