మెచ్చుకోకూడని తిమింగలం పన్ను

తుఫానుకు కొండచరియ విరిగిపడి, తాబేలు బొమ్మ చెక్కిన బండ బయటపడింది. తాబేలు బండ వెనక గుహలో వంశపు తిమింగలం పన్నును దాచానని సెమీ తల్లి చెప్పింది గానీ, ఆ బండ ఎక్కడుందో చెప్పకుండానే కన్నుమూసింది. తవూరా దీవిలో పెళ్లికొడుకువాళ్లు అలాంటి పన్నును పిల్ల తండ్రి చేతిలో పెడితేనే పెళ్లి. సెమీ కొడుకు విలి పెళ్లి అందుకే ఆగిపోయి ఉంది.

తండ్రీకొడుకులతో దాలినాయుడు కూడా బయల్దేరాడు. పార్వతీపురం దగ్గర పల్లెలో, వాళ్లింట్లో మొదట డిగ్రీ చదివినవాడు. ఇక్కడి బడిలో లెక్కల మాస్టారు. ఒకరింట తిన్నాక మంచిమాట చెప్పకుండా లేవకూడదని తల్లి నేర్పింది. ఈ దీవిలో అతిథి మెచ్చుకున్న వస్తువును ఇచ్చెయ్యడం ఆచారం. అది తెలిసేలోగా సెమీ ఇంటి చాప, కుండ, చివరికి పందెంకోడిలాంటి పుంజు కూడా దాలినాయుడి ఇల్లు చేరాయి. తిరిగిస్తే అవమానం. ఆ సిగ్గుతోనే, ఇరుకు సందుల్లో దూరేందుకు తన బక్క ఒళ్లు పనికొస్తుందని వెంట వచ్చాడు.

“లోపల ఏం కనబడినా నోరు మెదపకండి మాస్టారూ,” అన్నాడు విలి.

గబ్బిలాలు ముఖాలను రాసుకుంటూ ఎగిరాయి. గుహ బయట బండకు కట్టిన మోకును వెంట లాక్కుంటూ, మోకాళ్లలోతు సముద్రపు నీటిలో, జారే రాళ్లపై తడుముకుంటూ నడిచారు. గుహ చివర చిన్న సందు. దాలినాయుడు పాకి లోపలికి దూరాడు. మోచేతులు దోక్కుపోయాయి. ముక్కిపోయిన నారబట్టలో చేతికి ఏదో గట్టిగా తగిలింది. బయటికి తెచ్చి దీపం ముందు విప్పాడు. రెండు కొసలకూ కట్టిన నారతాడుతో, పాత తేనె రంగులో పన్ను మెరిసింది.

“అబ్బ, ఎంత బాగుంది,” అనేశాడు.

సెమీ దాలినాయుడి వేళ్లను పన్ను మీద ముడిచాడు.

“ఇక నీదే మాస్టారూ.”

అంతలో అల గుహలోకి విరుచుకుపడింది. పోటు మొదలైంది. నీరు నడుము దాటి గుండెలకెక్కింది. “పన్ను వదిలెయ్, మోకు పట్టుకో,” అని అరిచాడు సెమీ. దాలినాయుడు పన్ను తాడును పళ్లతో కరిచి, రెండు చేతులా మోకు పట్టుకుని, ఉప్పునీళ్లు మింగుతూ బయటపడ్డాడు.

ఒడ్డున సెమీ భార్య మెరే నిలబడి ఉంది. దాలినాయుడు పన్నును సెమీ కళ్లముందు పెట్టాడు.

“ఎలా ఉంది పెద్దాయనా?”

“బరువుగా ఉంది.”

“చూడ్డానికి?”

“పన్నులా ఉంది.” ఇచ్చినదాన్ని మెచ్చుకుంటే మళ్లీ అడిగినట్టేనని సెమీ సముద్రం వైపు తిరిగాడు.

మెరే కొడుకు ముఖం చూసింది, మాస్టారి ముఖం చూసింది. జరిగింది అర్థమైంది.

“నేను మా ఆయనంత మర్యాదస్తురాలిని కాను,” అంది. “ఆ పన్ను చాలా బాగుంది నాయనా.”

దాలినాయుడు రెండు చేతులా ఆమెకు అందించాడు. వెంటనే, ఆశగా, తన ఇంట్లో ఉన్న వాళ్ల పుంజు ఎలా ఉందో కూడా అడిగాడు.

మెరే నవ్వింది. “అది మావాళ్లు మనసారా ఇచ్చింది. దాన్ని మేపుకో.”

పెళ్లి జరిగింది. దాలినాయుడు విందులో కడుపునిండా తిని, ఒక్క మెచ్చుకోలు మాటా చెప్పకుండా, తల్లి గుర్తొచ్చి తలవంచుకుని లేచాడు. తెల్లారి అతని పెరట్లో సెమీ పుంజు కూసింది. ఆ కూతకు అతను రోజూ మేలుకుంటాడు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు.