మూడో స్టే వైరు

పొద్దు పొడిచేసరికే వైండింగ్ మేస్త్రి పెరట్లో కొలత టేపు పరిచి గొంతుక్కూర్చున్నాడు. పక్కన గ్లాసులో కాఫీ చల్లారిపోయింది. కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టి బతికిన మనిషి. పని మానేసినా పేరు మానలేదు. భార్య పోయాక ఆయన మాట్లాడేది ఇద్దరితోనే. కూతురితో ముక్తసరిగా. రేడియోలో ధారాళంగా.

రేడియో అంటే పాటలు వినేది కాదు, తాను మాట్లాడితే సముద్రం అవతల వినపడేది. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సెట్టంతా తన చేతులతో తనే కట్టుకున్నాడు. ఇంటి కప్పు మీంచి పక్కింటి గోడ వెంబడి లాగిన ఒంటి తీగే దానికి యాంటెన్నా. ఎక్కడో దీవిలో వాతావరణ కేంద్రం చూసుకునే ఒకాయన రోజూ పొద్దున్నే ఆ తీగ మీదికొచ్చి పలకరించేవాడు. ముత్తాతల నాడు వలసపోయిన కుటుంబం. మన భాష ముక్కలు ముక్కలుగా మాట్లాడేవాడు.

ఇంతలో వెనకవీధిలో ఆరంతస్తుల భవనం లేచింది. అది లేచిన కొద్దీ దీవి మనిషి గొంతు సన్నబడింది. ఇప్పుడు మేస్త్రి పొద్దున్నే మైకు పట్టుకుని పిలుస్తాడు, ఆగుతాడు, మళ్ళీ పిలుస్తాడు. హోరు తప్ప జవాబు లేదు. టవరు వేయాల్సిందే. ఏ టవరు అన్నదే తేలాలి.

గేటు చప్పుడైంది. కూతురు వచ్చింది. గోడ అవతలి ఇల్లే ఆమె అత్తవారిల్లు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. చంకలో టవర్ల బొమ్మలున్న పుస్తకం.

"కాఫీ తాగలేదేం నాన్నా?"

"వేడిగా ఉందని."

"ఐసులా ఉంది!"

"అయితే ఇప్పుడు తాగుతా."

ఆమె నవ్వి పక్కనే చతికిలబడింది. పుస్తకం తెరవగానే ఇద్దరి తలలూ దాని మీదికి వంగాయి. ఆ నిమిషంలో వాళ్ళు తండ్రీకూతుళ్ళలా లేరు, మిఠాయి కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు పిల్లల్లా ఉన్నారు.

"ఈ తీగ తీసిపారేద్దాం. యాగీ పెడదాం."

"ఈ కొంపలో జరిగిన యాగీ చాలదా?"

"అబ్బ, అది యాంటెన్నా పేరు నాన్నా!"

"నాకు తెలీదా? నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు."

అడ్డంగా ఒక గొట్టం, దాని మీద దువ్వెన పళ్ళలా మరికొన్ని గొట్టాలు. కింద చిన్న మోటారు పెడితే ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఎటు తిరిగితే అటు మాటే వింటుంది, మిగతా దిక్కులకు చెవుడు. ఆ మోటారు మాట వినగానే మేస్త్రి మొహం విప్పారింది. "మోటారు నేను చుడతా. కొన్నది పెట్టను."

"పెట్టకు. యాంటెన్నా కూడా అచ్చం నీలాంటిదే దొరికింది. తిరిగిన వైపే వింటుంది."

ఆయన విననట్టు పేజీ తిప్పాడు. వేలు ఒక బొమ్మ మీద ఆగింది. నాలుగు కాళ్ళ మీద, కింద వెడల్పుగా, పైకి సన్నగా లేచిన టవరు. "ఇదీ టవరంటే. తనంతట తాను నిలబడుతుంది. ఎవరి ఆసరా అక్కర్లేదు."

"ఆ భవనం దాటేంత ఎత్తు కావాలంటే దీని పునాదికి పెరడంతా పోతుంది. నీ మంచం వీధిలో వేసుకోవాలి."

"వేసుకుంటా."

"ఇది చూడు." ఆమె పేజీ వెనక్కి తిప్పింది. మనిషి చేతుల్లో ఇమిడేంత సన్నటి టవరు, మూడు దిక్కుల నుంచీ లాగి కట్టిన స్టే వైర్లు. "పునాది అరుగంత చాలు. నేను రోజూ చూసేవి ఇలాంటి ఇనప తాళ్ళే, వీటి సంగతి నాకొదిలెయ్. మూడూ సమానంగా లాగితే తుఫానొచ్చినా కదలదు."

మేస్త్రికి ఆశ పుట్టింది. దాచుకోలేకపోయాడు. గబగబా లేచి టవరు నిలిపే చోట రాయి పెట్టాడు. కూతురు టేపు చివర పట్టుకుని పరుగెత్తింది. మొదటి స్టే నీళ్ళ తొట్టి దగ్గర. సరిపోయింది. రెండోది గేటు మూల. సరిపోయింది. "మూడోదీ!" అంటూ తానే టేపు లాక్కుపోయాడు. గోడకు ముక్కు తగిలేదాకా వెళ్ళి ఆగాడు.

"గోడ దాటుతోంది."

"దాటుతుంది నాన్నా."

"అయితే వద్దు."

ఆ గోడ అవతలి ఇల్లు టైలరుది. ఆయన కొడుకునే కూతురు కోరి చేసుకుంది. కోరుకోవడం కాదు మేస్త్రిని కోసింది. ఆ సంగతి ముందే భార్యకు తెలుసు, టైలరుకు తెలుసు, ఆ గోడకూ తెలుసు, తనకు తప్ప. పెళ్ళికి వెళ్ళలేదు. వియ్యంకుడు కుట్టి పంపిన చొక్కా మడత విప్పకుండా పెట్టెలో పడేశాడు. వరస పెట్టి 'బావగారూ' అని ఇంతవరకూ పిలవలేదు. భార్య పోయిన రోజు కూడా ఆ ఇంటి వాళ్ళకు కుర్చీ చూపించాడే గానీ మాట కలపలేదు.

"ఏడు సముద్రాల అవతలి వాడిని బాగున్నావా అని అడుగుతావు. గోడ అవతలి మనిషిని అడగవు," అంది కూతురు.

"ఆ దీవి వాడు నా వెనక గూడుపుఠాణీ చేయలేదు."

"జానెడు నేల అడగడానికి అంత బాధైతే నువ్వడక్కు. నేను అడిగేశాను."

మేస్త్రి చేతిలో టేపు సర్రున చుట్టుకుపోయింది. "ఎవర్నడిగి అడిగావు?"

"నా మామగారిని నేను అడగడానికి ఒకర్ని అడగాలా?" ఆమె గొంతు తగ్గింది. "అడిగాను. వద్దన్నారు."

"ఏమన్నాడు?"

"టవరు వద్దమ్మా అన్నారు. అంతే. కారణం చెప్పలేదు."

చెప్పానా అని ఎద్దేవా చేయడానికి ఇన్నేళ్ళకు దొరికిన అవకాశం. మేస్త్రి నోటికి ఆ మాట రాలేదు. ఒళ్ళు మండింది. తను కాదనడం వేరు, వాడు కాదనడం వేరు. చెప్పులేసుకోకుండానే గేటు తోసుకుని వీధిలోకి నడిచాడు. "నాన్నా, ఆగు!" అంటూ కూతురు వెనకే.

టైలరు ముందుగదిలోనే కుడతాడు. మిషను మీద సగం కుట్టిన కోటు, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. గోడ బల్ల మీద పాటల పెట్టె, స్పీకరు. గుమ్మంలో మేస్త్రిని చూసి ఆయన కాలు మిషను మీద ఆగిపోయింది. సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశాడు. లేచి నిలబడ్డాడు.

"రండి బావగారూ."

"రావడానికి రాలేదు. ఏమయ్యా, పిల్లను తీసుకున్నప్పుడు అడగలేదు నన్ను. ఇప్పుడు పిల్ల నోరు తెరిచి జానెడు నేల అడిగితే ఇవ్వవా?"

"నేలదేముంది, పెరడంతా తీసుకోండి."

"మరి?"

"టవరు వద్దు."

"నెత్తిన పడుతుందనా?"

"కాదు."

"అందం చెడుతుందనా? నీ కొంపకు అందమొకటి!"

"మామయ్యా, కారణం చెప్పండి," అంది కూతురు. "ఇద్దరి మధ్య నా తల ప్రాణం తోకకొస్తోంది."

టైలరు మెడలోని టేపు వేలికి చుట్టుకున్నాడు, విప్పాడు. ఆ తర్వాత బల్ల మీది స్పీకరు వైపు చూశాడు. "ఆ తీగ తీసి అంతెత్తున పెడితే, ఇక మీ మాట నాకు వినపడదు కదండీ."

"నా మాటా?"

"పొద్దున్నే మీరు మైకు పట్టుకుంటే ఇది పాట మింగేసి మీ గొంతు పలుకుతుంది. ఈ ఇంట్లోకి వచ్చిన ఏడాది నుంచీ అంతే."

మేస్త్రికి ముందు తగిలింది మనసుకు కాదు, సెట్టుకు. తను కట్టిన సెట్టు పక్కింటి స్పీకర్లో మోగడమా! ఇంతకు మించిన పరువు తక్కువ ఉందా? "చెప్పొద్దూ! చెబితే ఆ పూటే సరిచేసేవాణ్ణి!"

"అందుకే చెప్పలేదు."

మేస్త్రి చెవులు వేడెక్కాయి. దీవి మనిషికి తాను చెప్పుకున్నవన్నీ గుర్తొచ్చాయి. అవన్నీ పాటల పెట్టెలోంచి, ఈ మనిషి ముందు!

"అవతలాయన మాట రాదు. మీదే వస్తుంది," అన్నాడు టైలరు, నేల చూస్తూ. "అమ్మాయి లిఫ్టు గోతిలోకి దిగి, తెగబోతున్న తాడును కనిపెట్టిన రోజు మీరు ఎంత పొంగిపోయారో! 'అది నా కూతురయ్యా, నా కళ్ళే దానికొచ్చాయి' అన్నారు. అల్లుడు మంచోడే, ఆ మాట వాళ్ళ మొహాన అనలేకపోతున్నా అన్నారు. ఒకరోజు చొక్కా సంగతి చెప్పారు."

"చాలు."

"వేసి చూసుకున్నా అన్నారు. భుజాలు అతికినట్టు కూర్చున్నాయి, కొలత తీసుకోకుండా ఎలా కుట్టాడో అన్నారు. బావగారూ, గోడ మీంచి మిమ్మల్ని చూసి కుట్టానండీ అది. ఆ రోజు నేనిక కత్తెర పట్టలేదు."

మేస్త్రి వెనక్కి తిరగలేదు. వెనక కూతురు ఉంది.

"ఇప్పుడేమో రోజూ 'వినపడుతోందా, వినపడుతోందా' అంటున్నారు," అన్నాడు టైలరు. "అక్కడ ఎవరూ పలకడం లేదని నాకేం తెలుసు? నేను మాత్రం ఈ స్టూలు మీద కూర్చుని 'వినపడుతోంది బావగారూ' అని అంటూనే ఉన్నాను."

కూతురు వచ్చి తండ్రి ఎదుట నిలబడింది. కళ్ళు తుడుచుకోలేదు. "నాన్నా, ఆ మాటలన్నీ దీవి వాడికి చెప్పావు. నాకు చెప్పాలంటే నేనెంత ఎత్తెక్కాలి?"

మేస్త్రి చెయ్యి లేచి ఆమె తల మీద ఆగింది. మోటారు చుట్టేటప్పుడు తీగ తెగకుండా పట్టుకునే చెయ్యి అది.

అలాగే స్పీకరు వైపు చూసి గరగరమన్నాడు. "అది తప్పు. సెట్టు అలా మోగకూడదు. సరిచేయాల్సిందే. టవరు లేవాల్సిందే."

టైలరు తల వంచుకున్నాడు. "మీ ఇష్టం. మూడో స్టేకి గొయ్యి ఎక్కడ తవ్వమంటారు?"

టవరు లేచిన రోజు ఇల్లు ఇల్లులా లేదు. తాళ్ళు, కప్పీలు, కేకలు. కూతురు నడుముకు బెల్టు కట్టుకుని మేకలా పైకెక్కింది. మేస్త్రి చుట్టిన మోటారు, దాని మీద యాగీ, రెండూ ఆమె చేతుల మీదుగానే పీఠమెక్కాయి. అల్లుడు గేటు మూల స్టే పట్టుకున్నాడు, మేస్త్రి నీళ్ళ తొట్టి దగ్గరది. మూడోది గోడ అవతల, టైలరు చేతిలో. తాడు చివర ఇనప మర ఉంటుంది. తిప్పిన కొద్దీ తాడు బిగుస్తుంది. ముగ్గురూ ఒక్కటిగా తిప్పితేనే టవరు నిటారుగా నిలుస్తుంది.

"గోడ వైపు వదులుగా ఉంది!" పైనుంచి కూతురు అరిచింది. "నాన్నా, మామయ్యకి చెప్పు!"

"ఏమయ్యోయ్! బిగించు!"

గోడ అవతల ఉలుకూ పలుకూ లేదు.

"నిన్నే! అవతల!"

లేదు. టవరు కొస గాలికి కొద్దిగా ఊగింది. పైనున్నది కూతురు.

"వినపడుతోందా బావగారూ!"

"వినపడుతోంది బావగారూ!" గోడ అవతలి నుంచి వెంటనే వచ్చింది. మర కిర్రున తిరిగింది. తాడు బిగిసింది. టవరు నిలబడింది.

"దొంగ," అన్నాడు మేస్త్రి. పైనుంచి కూతురి నవ్వు కిందికి రాలింది.

అదే సాయంత్రం ఆయన టైలరు గుమ్మంలో కనపడ్డాడు. ఒంటి మీద పెట్టెలోని చొక్కా. చేతుల్లో తన పాత రిసీవరు. టైలరు చొక్కానే చూస్తున్నాడు. భుజాలు, మెడ, చేతి పట్టీ.

"ఇది పెట్టుకోండి. ఇందులో అవతలివాడి మాటా వస్తుంది. సగం మాటలు విని మనిషిని తూచకూడదు." రిసీవరు బల్ల మీద పెట్టి వెనుదిరిగాడు. గుమ్మం దగ్గర ఆగి, "చంకలో కొంచెం బిగువు," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే యాగీ మెల్లగా దీవి వైపు తిరిగింది. కూతురు తండ్రి కుర్చీ పక్కనే నిలబడింది. మేస్త్రి పిలిచాడు. ఆగాడు. హోరు. మళ్ళీ పిలిచాడు. హోరు చీల్చుకుని, పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా గొంతు వచ్చింది.

"మేస్త్రీ! బతికే ఉన్నావా! ఎన్ని రోజులు! నీ గొంతు ఇక్కడ గంటలాగా మోగుతోంది! ఒక్కడివే ఉన్నావా?"

మేస్త్రి మైకు మీట నొక్కాడు. కూతురు ఆయన భుజం పట్టుకుంది, సరిగ్గా కుట్టు కూర్చున్న చోట.

"లేదు," అన్నాడు. "పక్కన నా కూతురుంది. గోడ అవతల మా బావగారు వింటున్నారు. కాస్త జాగ్రత్తగా మాట్లాడు."

తెరిచి ఉన్న కిటికీలోంచి, రేడియో అవసరం లేకుండానే, గట్టిగా ఒక కేక వచ్చింది.

"వినపడుతోంది!"