బుడగలు ఆపిన మొనగాడు

వార్డులో నర్సమ్మ నాతో అన్న మొట్టమొదటి మాట, "ఆ సీసాని అలా చూడకండి, అది టీవీ కాదు."

చూడక ఏం చేయను? ఊపిరితిత్తిలో పాడైన ముక్క కోసేశాక, పక్కటెముకల మధ్య నుంచి ఒక గొట్టం తీసి మంచం కింద నీళ్ళ సీసాలో దించారు. దగ్గితే చాలు, అందులో బుడబుడమని బుడగలు. ఊపిరితిత్తి ఇంకా గాలి వదులుతోందట. ఆగకపోతే మళ్ళీ కోస్తామన్నాడు డాక్టరు.

నేను పంక్చర్లు వేసేవాణ్ణి. నీళ్ళలో బుడగలు ఆగాయంటే పని అయిపోయినట్టే మాకు. నర్సమ్మ అటు తిరగగానే గొట్టం మడిచి, రబ్బరు బ్యాండుతో బిగించి, దుప్పటి కప్పేశాను. బుడగలు ఆగాయి. వచ్చి చూసి ఆమె నవ్వింది. ఆ నవ్వుకి రెండో ఊపిరితిత్తి కూడా రాసిచ్చేసేవాణ్ణి.

అంతలోనే నా మెడ ఉబ్బింది. బయటికి పోలేని గాలి చర్మం కిందికి ఎక్కిందట. బుగ్గలు గుమ్మడికాయలయ్యాయి, కళ్ళు మూసుకుపోయాయి. నర్సమ్మ మెడ నొక్కితే చిప్స్ పాకెట్‌లా కరకరలాడింది. ఊపిరి అందలేదు. ఆమె దుప్పటి లాగేసి బ్యాండు తెంపింది. సీసాలో జడివాన మొదలైంది.

"ఎవరు చేశారిది?"

"నేనే. మళ్ళీ కోస్తారని భయమేసి."

"చచ్చిపోయేవాడివి. నా కళ్ళ ముందే." ఆపైన వార్డంతా వినేలా తిట్టింది. తిడుతూనే కళ్ళు తుడుచుకుంది. నా కోసం ఏడ్చే మనిషిని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

డాక్టరు ఇంకో దారి చెప్పాడు. నా చేతిలోంచి రక్తం తీసి, అదే గొట్టంలోంచి ఛాతీలోకి పంపుతారట. అది గడ్డకట్టి చిల్లి మూస్తుందట. నా రక్తంతో నాకే ప్యాచా అని నోరెళ్ళబెట్టాను. నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టింది. బుడగలు పలచబడ్డాయి, ఆగిపోయాయి. ఆమె మాత్రం నమ్మలేదు, గొట్టం ఈ చివర నుంచి ఆ చివరదాకా తడిమి చూసింది.

గొట్టం తీసేసిన పూట మా అమ్మ వచ్చింది. ఇంటి దగ్గర ఇతన్ని ఎవరు చూసుకుంటారని డాక్టరు అడిగాడు. అమ్మ నోరు తెరిచేలోగా నర్సమ్మ అంది:

"నేను చూసుకుంటానండి. డ్యూటీగా కాదు."

అమ్మ ఆమెని కిందినుంచి పైదాకా చూసింది.

"ఇంట్లో కూడా ఇలాగే తిడతావా అమ్మా?"

"ఇంకా ఎక్కువేనండి."

"అయితే వీడు బాగుపడతాడు," అంటూ అమ్మ తన కుర్చీ ఆమె వైపు జరిపింది.

నేనా? ఊపిరి పీల్చుకోమని డాక్టరే గుర్తు చేయాల్సి వచ్చింది.