చింతగింజలుగా మారిన ఓట్లు

జగదల్‌పూర్ ఆదివారం సంత ఇంకా సగంలో ఉండగానే కరుణశ్రీ పరుగున వచ్చి డిటెక్టివ్ నీలకంఠం ఎదుట కుర్చీలో కూలబడింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా కుండల్లో గింజలు మారిపోయాయండీ! ఊరంతా చూస్తుండగా నేను అబద్ధాలకోరునైపోయాను."

నీలకంఠం టీ గ్లాసు కింద పెట్టాడు. వేడి టీ వదిలేశాడంటే కేసు నచ్చిందన్నమాటే. అసిస్టెంట్ శ్యామ్‌ప్రసాద్‌కు ఆ గుర్తు బాగా తెలుసు. వెంటనే పెన్ను తీశాడు. మా గురువుగారంతటి బుర్ర రాయపూర్‌లో కూడా లేదని ఆటోవాళ్ళకు సైతం చెప్పే మనిషి అతను.

కరుణశ్రీ ఉద్యోగం మీద ఈ ఊరొచ్చిన రైల్వే కుటుంబం పిల్ల. అసెంబ్లీ సమావేశాలు ముగిశాక, ఈ ప్రాంతపు ఎమ్మెల్యేలు ఏ బిల్లుకు ఎలా ఓటేశారో చూసి మార్కులు వేస్తుంది. పార్టీ ఏదైనా ఆమెకు పట్టదు. రాజ్యాంగం ప్రభుత్వానికి గీసిన గీత ఒకటుంది కదా, ఓటు దానికి లోపల పడిందా, బయట పడిందా, అంతే చూస్తుంది. లోపల పడితే ఆ ఎమ్మెల్యే కుండలో తెల్ల చిక్కుడు గింజ, దాటితే నల్ల చింతగింజ. చదువు రానివాళ్ళకూ అర్థం కావాలని సంతలో అందరి ముందూ ఆ కుండలు బోర్లిస్తుంది. కాగితం మీద ఏమైనా రాసుకోవచ్చు, కుండలో గింజను మాత్రం నమ్మొచ్చని సంత జనం అంటారు.

"ఇవాళ బోర్లిస్తే అన్నిట్లోంచీ చింతగింజలే పడ్డాయి. సుమిత్రగారి కుండ నిండా చిక్కుళ్ళుండాలండీ! గ్రామసభను అడక్కుండా భూమి తీసుకోవచ్చన్న బిల్లుకు, సొంత పార్టీని కాదని ఎదురు ఓటేసిందావిడ. వచ్చే సంతకి నిజం తేలకపోతే కుండలు మానేస్తాను. ఇంక నా మాట ఎవరు నమ్ముతారు?"

"గింజలు ఎక్కడివి?"

"చిక్కుళ్ళు మా పెరటి పందిరివి. ఇంతకుముందు వేసవి సమావేశాలప్పుడు నిల్వ గింజలు వేసేదాన్ని. చలికాలంలో పెట్టడం ఇదే మొదలు. నిన్న నింపి, ఆకు మూతలు కట్టి ఇంట్లో ఉంచాను. పనిలో ఈ నెలే చేరిన లక్కే అనే పిల్ల కాపలా ఉంది."

ముగ్గురూ ఆటోలో ఆమె ఇంటికి వెళ్ళారు. వాకిట్లో ఇద్దరు ఎమ్మెల్యేలు పోట్లాడుకుంటున్నారు.

"ఏంది సార్ ఇది?" సుమిత్ర నీలకంఠాన్ని చూడగానే అంది. "ఆ ఓటుతోని పార్టీల నా పదవి పోయింది. పోతే పోనీ, మావోళ్ళ ముందట నాలుగు తెల్ల గింజలు పడతయి, గంతే చాలనుకున్న. అవి గూడ మింగిన్రు! ఈ సంజయే చేసిండు. నిన్న సాయంత్రం ఈడికొచ్చిండు."

రెండో ఎమ్మెల్యే పూనం సంజయ్ భగ్గుమన్నాడు. "వచ్చిన, కరుణశ్రీతోని తగాద పడనీకి వచ్చిన! నా కుండల ఉన్నదే ఒక్క చిక్కుడు గింజ సార్. ఒక్కటి! అది గూడ పాయె. నా గింజ నేనే దొంగతనం జేస్తనా?"

శ్యామ్‌ప్రసాద్ నవ్వాపుకోలేక దగ్గాడు. నీలకంఠం మాత్రం కరుణశ్రీ వైపు తిరిగాడు. "రంగులు సరే. గింజల లెక్క తప్పిందా?"

"లేదండీ. ఏ కుండలోనూ ఒక్క గింజ కూడా తేడా రాలేదు."

"భలే!" అన్నాడు నీలకంఠం. ఏం భలేనో ఎవరికీ అర్థం కాలేదు.

భేజ్జి అనే గోండు పల్లె నుంచి వచ్చిన లక్కే గుమ్మం దగ్గర నిలబడింది. కుండల దగ్గరికి రాత్రి ఎవరైనా వచ్చారా అని శ్యామ్‌ప్రసాద్ గద్దించాడు.

"ఎవ్వరు రాలే సార్. నేను కదల్లే."

ఈలోగా కరుణశ్రీ తల్లి వరహాలమ్మ అందర్నీ భోజనానికి కూర్చోబెట్టింది. "గొడవలు తర్వాత చూసుకుందురుగాని. పందిరి చిక్కుడుకాయ కూర, వేడిగా ఉంది. తినండి బాబూ." శ్యామ్‌ప్రసాద్ రెండోసారి వడ్డించుకున్నాడు. సుమిత్రా, సంజయూ ఆకలి లేదన్నారు. లక్కే పచ్చడి మెతుకులు కలుపుకుంది.

"ఈ పిల్ల వారం బట్టి ఈ కూర ముట్టడం నేదు. ఏటో మరి, నా వంట నచ్చనేదు కాబోలు," అని వరహాలమ్మ వాపోయింది.

నీలకంఠం చెయ్యి కూర మీదికి పోబోయి ఆగిపోయింది. లేచి వంటింటి చూరు కింద ఒకసారి తలెత్తి చూసి, చిరునవ్వుతో వచ్చాడు. "అందరూ వాకిట్లోకి రండి."

అందరూ చేరారు.

"సుమిత్రగారి మీద కక్ష ఉన్నవాడైతే ఆవిడ కుండ ఒక్కటే పాడుచేస్తాడు. ఇక్కడ శత్రువు చిక్కుడూ పోయింది, మిత్రుడి చిక్కుడూ పోయింది. పైగా తీసినవాళ్ళు గింజకు గింజ పెట్టారు. అంటే వాళ్ళకు ఎవరి మార్కులతోనూ పని లేదు. చిక్కుడు గింజ అక్కడ ఉండకూడదు, అదొక్కటే వాళ్ళ బాధ. పందిరి చిక్కుడంటే ఈ ఏటి కొత్త పంట. లక్కే, మీ ఊళ్ళో చిక్కుడు పండుం, అదే కొత్త పంట పండగ, అయిందా?"

లక్కే తల వంచుకుంది. "కాలే సార్. వచ్చే గురువారం."

"పండుం కాకుండా?"

"చనిపోయిన పెద్దలకు పెట్టకముందు కొత్త చిక్కుడు తినొద్దు, వాడొద్దు. అక్కకు తెల్వదాయె. అక్కకు కీడు జరుగుతదని భయమైంది. అందుకే తీసి, పోయినేటి చింతగింజలు పెట్టిన. గింజకొక ఓటు అన్నది అక్క. ఒక్క ఓటు తగ్గనియ్యలే సార్! రంగుకు లెక్క ఉంటదని నాకు ఎవ్వరు చెప్పలే. సంతల లొల్లైందని తెలిసినంక నోరు రాలే."

"ఎవరైనా వచ్చారా అని అడిగాం. నువ్వు విప్పావా అని ఒక్కరం అడగలేదు. చూరు కింద వేలాడే ఆకు పొట్లాలు అవేగా?"

"అవును సార్. ఎవరివి వాళ్ళకే కట్టిపెట్టిన."

ఎమ్మెల్యేలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. "మా ఇండ్లల్ల గూడ పండుం కాలే," అన్నాడు సంజయ్. "అందుకే ఆకలి లేదన్నం!"

శ్యామ్‌ప్రసాద్ పాలిపోయాడు. "సార్! నేను రెండుసార్లు తిన్నాను!"

"తెల్వక తిన్నవు కదా," లక్కే ఊరడించింది. "పెద్దలు నవ్వుకుంటరు, గంతే."

నవ్వని మనిషి కరుణశ్రీ ఒక్కతే. "అడగకుండా ముట్టకూడదని ఎమ్మెల్యేలకు మార్కులు వేస్తున్నాను. నేనేం చేశాను? లక్కే ఇంట్లోనే ఉంది, ఒక్క మాట అడగలేదు."

"అమ్మా, నువ్వు ప్రభుత్వానికి గీసే గీతా, లక్కే చిక్కుడుకు గీసిన గీతా ఒకటే," అన్నాడు నీలకంఠం. "ముందు అడగాలి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యాలి."

గురువారం కరుణశ్రీ పొట్లాలు పట్టుకుని లక్కేతో భేజ్జి వెళ్ళింది. మాడ అనే ఊరి పెద్ద ముందు చేతులు కట్టుకుని, ఈ గింజలు వాడుకోవచ్చా అని అడిగింది. ఆయన పెద్దలకు పెట్టి, తల ఊపి, పొట్లాలు తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.

ఆదివారం సంతలో లక్కే జరిగిందంతా గోండిలో, హల్బీలో జనానికి చెప్పి, తన చేత్తోనే కుండలు బోర్లించింది. సుమిత్ర కుండలోంచి చాపంతా తెల్లగా పరుచుకుంది. జనం ఈలలు వేశారు. సుమిత్ర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సంజయ్ తన ఒక్క గింజనూ పైకెత్తి చూపించాడు. "వచ్చే సమావేశాల్లో ఇంకొన్ని సంపాదించు నాయనా, కూరకైనా వస్తాయి," అని ఒక ముసలమ్మ అనగానే అందరితోపాటు అతనూ నవ్వాడు.

చివర్న కొత్త కుండ ఒకటి మిగిలింది. దాని మీద కరుణశ్రీ పేరు ఉంది. ఆమె అందరూ చూస్తుండగా అందులో ఒక చింతగింజ వేసింది.

లక్కే నడుము దగ్గర ముడి విప్పి, ఒక తెల్ల చిక్కుడు గింజ తీసి అదే కుండలో వేసింది.

"అడగనందుకు అది, వచ్చి అడిగినందుకు ఇది," అంది.